సైదాపేట నుండి సి.బెళగల్ దాక - సైన్సు ఉపాధ్యాయుని శిక్షణ

కర్నూలు జిల్లా పడమటి భాగమున, తుంగభద్ర దక్షిణపు దరికి చేరువగా, సి.బెళగల్ అను ఊరు కలదు. ఊరి పేరులోనే కన్నడపు పలుకు వినిపించును. 1985లో మండలములు ఏర్పడిన తరువాత ఇది మండల కేంద్రమైనది. ఇచ్చట జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాల యున్నది. గాలికి ఒత్తిడి యున్నదనియు, ఇనుము త్రుప్పు పట్టుటకు గాలియు నీరును కావలెననియు ఆ పాఠశాలలోని పిల్లలకు చెప్పవలసిన ఉపాధ్యాయుడు ఎచ్చట తయారగుచున్నాడు? ఎంత కాలములో? ఏమేమి నేర్చి? ఈ ప్రశ్నలు చూచుటకు చిన్నవే. జవాబు వెదకబోయినచో నూట అరువది ఏండ్లకు పైబడిన చరిత్రను తిరగవేయవలసి వచ్చును.

1854లో చార్లెస్ వుడ్ పంపిన విద్యాపత్రమునందు ఉపాధ్యాయ శిక్షణకై ప్రత్యేక పాఠశాలలు ఉండవలెనని సూచింపబడినది. దాని ననుసరించి 1856లో మద్రాసున ప్రభుత్వ నార్మల్ పాఠశాల వెలసెను. అప్పుడు ఆ రాజధాని ప్రజావిద్యాశాఖకు ఆర్బత్‌నాట్ డైరెక్టరు. ఆ పాఠశాలయే 1880ల చివరికి కళాశాల స్థాయి నందుకొని, సైదాపేటలో స్థిరపడెను. పట్టభద్రుడైనవాడు అందు ఒక యేడు చదివి ఎల్.టి. అను యోగ్యతను సంపాదించెడివాడు. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1910 ప్రాంతమున ఈ సైదాపేట కళాశాలలోనే శిక్షణ పొందిరి. తెలుగు నేలమీద రాజమహేంద్రవరమున శిక్షణ కళాశాల 19వ శతాబ్ది చివరి దశకమున ఏర్పడెను. స్త్రీలకై మద్రాసులో లేడీ విల్లింగ్డన్ శిక్షణ కళాశాల 1922లో వచ్చినది.

దత్తమండలములలోని యువకునికి వీనిలో ఏది దగ్గర? పటమును చూచినచో రాజమహేంద్రవరము తెలుగు పట్టణము, మద్రాసు దూరదేశము. కాని దూరమును కొలిచేది పటము కాదు, రైలు. మద్రాసు నుండి గుంతకల్లు, ఆదోని మీదుగా రాయచూరునకు పోవు మార్గము 1871 నాటికే పూర్తియై యుండెను. రాజమహేంద్రవరమువద్ద గోదావరిపై రైలు వంతెన 1900లో గాని తెరువబడలేదు. అందుచేత ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతమువాడు బండి కట్టించుకొని స్టేషనుకు వచ్చి మద్రాసు బండి ఎక్కుటయే సులభమార్గము. పైగా ఆదోని తాలూకా అప్పుడు బళ్లారి జిల్లాలోనిది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడే అది కర్నూలు జిల్లాలో చేరినది.

అయితే శిక్షణ కళాశాలకు పోవుటకు ముందు పట్టము కావలెను గదా! అనంతపురమున దత్తమండల కళాశాల 1916లో స్థాపింపబడువరకు ఈ నాలుగు జిల్లాలలో ఉన్నత విద్యకు వసతి మిక్కిలి తక్కువ. కర్నూలులో ఉస్మానియా కళాశాల 1947లో వచ్చెను. అనగా ఇంచుమించు స్వాతంత్ర్యము వచ్చునంతవరకు ఈ పడమటి ఊళ్లనుండి సైన్సు పట్టము పుచ్చుకొని, దానిపై శిక్షణయు పొంది, మరల ఈ నేలకే తిరిగివచ్చి పాఠము చెప్పినవాడు ఎంత అరుదైనవాడో పాఠకులే ఊహించుకొనవచ్చును. పట్టణపు ఉద్యోగమును కాదని నల్లరేగడి దారిలో బండి తోలించుకొని వచ్చుటకు వానికి కారణమేమి యుండును?

దూరపు మాట అటుండనిండు. ఆ యొక యేడాదిలో ఏమి నేర్పెడివారు? ఇక్కడనే అసలు కథ యున్నది.

నాటి శిక్షణ వెనుక ఐరోపా విద్యావేత్తల భావములు రెండు పనిచేసినవి. మొదటిది స్విట్జర్లండు దేశీయుడైన పెస్టాలజీది (1746-1827). పుస్తకముకంటె ముందు వస్తువును పిల్లవాని చేతికిమ్మని ఆయన చెప్పెను. దీనినుండి 'వస్తుపాఠములు' పుట్టినవి. రెండవది జర్మను తత్త్వవేత్త హెర్బార్టుది (1776-1841). ఆయన శిష్యులు పాఠమును ఐదు మెట్లుగా విభజించిరి: సన్నాహము, ప్రదర్శనము, పోలిక, సూత్రీకరణము, అన్వయము. పాఠపథకము వ్రాయునప్పుడు మన ఛాత్రోపాధ్యాయులు నేటికిని గళ్లు గీచి నింపుచున్నది చాలవరకు ఈ మెట్లనే. హెర్బార్టును తప్పుపట్టుట నా యుద్దేశము కాదు. కాని గళ్లు నింపుట అలవాటైన కొలది వస్తువు జారిపోయినది. వస్తుపాఠము కూడ అట్లే అయినది. వస్తువు బల్లమీద ఉండును. ఉపాధ్యాయుడు దాని లక్షణములను చెప్పును. పిల్లలు ఏకకంఠముతో అప్పగింతురు. ఉప్పురాయిని ఎవరును నాలుకకు తాకించరు.

దీనికి ఎదురు తిరిగినవాడు ఇంగ్లండు దేశపు రసాయనాచార్యుడు హెన్రీ ఎడ్వర్డ్ ఆర్మ్‌స్ట్రాంగ్ (1848-1937). పిల్లవాడు సైన్సును వినరాదు, చేయవలెను. తొలిసారి కనుగొనువానివలె తానే శోధించి కనుగొనవలెను అని ఆయన వాదించెను. దీనినే అన్వేషణ పద్ధతి యందురు. ఆయనకు ప్రియమైన ఉదాహరణములలో ఇనుము త్రుప్పు పట్టుట ఒకటి. ఇనుము త్రుప్పు పట్టినప్పుడు గాలికి ఏమి జరుగుచున్నది? ఎంత గాలి తగ్గుచున్నది? మిగిలినది ఎట్టిది? ఈ ప్రశ్నలనుండి పిల్లలను గాలి నిర్మాణమువరకు నడిపించవచ్చును. సర్వమును పిల్లవాడే కనుగొనవలెనన్నచో ఏండ్లు చాలవని ఆయన విమర్శకులు అన్నమాట నిజమే. అయినను శిక్షణ కళాశాలల పాఠ్యపుస్తకములలో ఆయన పేరు స్థిరపడెను. 'అన్వేషణ పద్ధతి - గుణములు, దోషములు' అను పరీక్ష ప్రశ్నగా స్థిరపడెను! అన్వేషణను గూర్చి ఉపన్యాసము విని, దానిని కంఠస్థము చేసి, మూడు గంటలలో వ్రాసిన యువకుడు మరుసటి యేడు తరగతిలో ఏమి చేయును? తనకు నేర్పినట్లే చేయును.

ఇచ్చట ఒక ప్రయోగమును గూర్చి కొంచెము విపులముగ చెప్పవలసియున్నది. శిక్షణలోని లోపము దానియందు కనబడినంత స్పష్టముగ మరెచ్చటను కనబడదు.

పళ్లెములో నీరు పోసి, నడుమ క్రొవ్వొత్తి వెలిగించి నిలిపి, దానిపై గాజు గ్లాసును బోర్లింతురు. కొద్దిసేపటికి దీపము ఆరును. నీరు గ్లాసులోనికి ఎక్కును. 'గాలిలోని ఆమ్లజని కాలిపోయినది, ఆ ఖాళీలోనికి నీరు ఎక్కినది, కనుక గాలిలో ఐదవ వంతు ఆమ్లజని' అని ఉపాధ్యాయుడు చెప్పును. తరతరములుగ ఈ పాఠము ఇట్లే చెప్పబడుచున్నది. ఛాత్రోపాధ్యాయులకు ఇది మిక్కిలి ఇష్టమైన పాఠము. సామాను తక్కువ, ఫలితము చూడముచ్చటగ నుండును.

కాని ఈ వివరణ తప్పు. మైనము ఉదజని, కర్బనముల సమ్మేళనము. అది కాలినప్పుడు ఆమ్లజని మాయమైపోదు. దానిలో కొంత బొగ్గుపులుసు వాయువై అచ్చటనే యుండును. 25 కర్బన పరమాణువులు గల మైనపు అణువును తీసికొన్నచో, 38 ఘనపరిమాణముల ఆమ్లజని ఖర్చై 25 ఘనపరిమాణముల బొగ్గుపులుసు వాయువు పుట్టును. తక్కినది ఆవిరియై చల్లబడి నీరగును. కనుక ఖర్చైన ఆమ్లజనిలో మూడవ వంతు మాత్రమే నిజముగ ఖాళీ యగును. అంతకంటె ముఖ్యమైనది, దీపము ఆరునప్పటికి ఆమ్లజని పూర్తిగా అయిపోదు. గాలిలో 21 శాతముగ నున్నది సుమారు 16 శాతమునకు దిగగానే క్రొవ్వొత్తి ఆరిపోవును. ఈ లెక్కన నీరు గ్లాసులో నూటికి రెండు వంతులైనను ఎక్కరాదు. అట్లయిన ఎక్కువ నీరు ఎక్కుచున్నదేల? గ్లాసును బోర్లించునప్పుడు మంటవేడికి గాలి వ్యాకోచించి కొంత బయటకు పోవును. అంచుననుండి బుడగలు పోవుటను శ్రద్ధగ చూచువాడు చూడవచ్చును. దీపము ఆరగానే మిగిలిన గాలి చల్లబడి సంకోచించును, నీరు లోనికి వచ్చును. మంట మండుచున్నంతసేపు నెమ్మదిగ ఎక్కవలసిన నీరు ఆరిన మరుక్షణమున దూకుడుగ ఎక్కుటయే దీనికి సాక్ష్యము. ఇంకను అనుమానమున్నచో ఒక క్రొవ్వొత్తికి బదులు రెండు మూడు పెట్టి చూడవచ్చును. నీరు ఇంకను పైకెక్కును. గాలిలో ఆమ్లజని క్రొవ్వొత్తుల లెక్కనుబట్టి పెరుగునా?

ఐదవ వంతును నిజముగ చూపునది ఆర్మ్‌స్ట్రాంగ్ మెచ్చిన త్రుప్పు ప్రయోగమే. ఊరి కమ్మరి కొలిమివద్ద ఇనుప రజను అడిగి తేవలెను. పొడవైన గాజుగొట్టమునో, సన్నని సీసానో ఉప్పునీటితో తడిపి లోపలి గోడలకు ఆ రజనును అంటించి, నీళ్లలో బోర్లింపవలెను. పైన ఐదు సమభాగములు గుర్తుపెట్టవలెను. ఇచ్చట వేడి లేదు, వేరొక వాయువు పుట్టుట లేదు. ఆమ్లజని మాత్రమే త్రుప్పులోనికి పోవుచున్నది. నీరు నెమ్మదిగ ఎక్కి ఒక భాగమువద్ద నిలుచును. చిక్కు ఒక్కటే - దీనికి కొన్ని దినములు పట్టును.

ఇప్పుడు శిక్షణ పొందుచున్న యువకుని స్థితి ఆలోచింపుడు. వానికి మార్కులు వేయు పరీక్షకుడు వెనుక బెంచీమీద ఒక్క పీరియడు కూర్చుండును. ముప్పావుగంటలో పూర్తియగు తప్పు ప్రయోగమొకటి. వారము పట్టు ఒప్పు ప్రయోగమొకటి. వాడు దేనిని ఎన్నుకొనును? ఇది వాని దోషము కాదు. విషయజ్ఞానము డిగ్రీ కళాశాల పని, బోధనాపద్ధతి శిక్షణ కళాశాల పని అని మనము గీచిన గీత దోషము. క్రొవ్వొత్తి పాఠమును ఎట్లు చెప్పవలెనో శిక్షణ కళాశాల నేర్పును. అది తప్పని చెప్పవలసినది డిగ్రీ కళాశాల. డిగ్రీ తరగతులకు పాఠము చెప్పు నావంటివారు మాత్రము అది హైస్కూలు పాఠమని దానివంక చూడనే చూడరు.

ఈ గీతను చెరిపివేయుటకు జరిగిన ప్రయత్నములే స్వాతంత్ర్యానంతర చరిత్రలో చెప్పుకొనదగినవి. లక్ష్మణస్వామి మొదలియారు అధ్యక్షతన 1952-53లో పనిచేసిన మాధ్యమిక విద్యాసంఘము మన హైస్కూళ్ల పుస్తకపాండిత్యమును గట్టిగ విమర్శించెను. అదే కాలమున ప్రపంచమున మరియొక మేలు జరిగినది. రెండవ ప్రపంచయుద్ధములో ఐరోపాలో పాఠశాలల ప్రయోగశాలలు నేలమట్టమయ్యెను. అట్టి దేశముల సైన్సు ఉపాధ్యాయులకు చేతికందిన వస్తువులతో పరికరములు చేసికొనుటెట్లో చెప్పుచు స్టీఫెన్సన్ అను ఆంగ్లోపాధ్యాయుడు వ్రాసిన చిన్న పుస్తకమును యునెస్కో 1948లో ప్రచురించెను. బాంబులు పడనక్కరలేకయే ప్రయోగశాలలు లేని దేశములు అనేకమున్నవి గదా! అందుచే దానిని బాగుగ పెంచి 1956లో సైన్సు బోధనకు ఆకరగ్రంథముగ వెలువరించిరి. సీసాలు, డబ్బాలు, తీగలు, క్రొవ్వొత్తులు - ఇవియే అందలి ప్రయోగశాల. మన హైస్కూళ్లకు ఇంతకంటె పనికివచ్చు పుస్తకము ఆ దశాబ్దమున రాలేదని నా అభిప్రాయము.

1957లో రష్యావారు స్పుట్నికును ప్రయోగించుటతో సైన్సు బోధన రాజ్యముల పట్టుదలయైనది. మన దేశమున జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి 1961లో ఏర్పడెను. 1963లో అజ్మీరు, భోపాలు, భువనేశ్వరము, మైసూరులలో ప్రాంతీయ విద్యా కళాశాలలు వెలసినవి. దక్షిణ రాష్ట్రములకు మైసూరు కళాశాల. ఇంటరు వంటి స్థాయి నుండియే విద్యార్థిని చేర్చుకొని, నాలుగేండ్లు సైన్సును, దానిని బోధించు విధానమును కలిపి నేర్పు బి.ఎస్‌సి.ఇడి. పాఠక్రమము అచ్చట మొదలైనది. క్రొవ్వొత్తి పాఠమును చెప్పు విద్యయు, అది ఎందుకు తప్పో తెలియు విద్యయు ఒకే కప్పుక్రిందికి వచ్చినది. అదే యేడు ఉపాధ్యాయులకు వేసవి సైన్సు శిక్షణ సంస్థలును ప్రారంభమైనవి. 1964-66 నాటి కొఠారీ సంఘము తొలి పదేండ్ల చదువులో సైన్సు, గణితము అందరికిని తప్పనిసరి కావలెనని చెప్పినది. చెప్పుట సులభమే, తప్పనిసరియైన ప్రతి తరగతికిని ఒక ఉపాధ్యాయుడు కావలెను. ఇన్నివేలమందిని నాలుగేండ్ల కళాశాలలు నాలుగు ఎట్లు తీర్చిదిద్దగలవు? మిగిలినవారందరికి పాత దారియే - పట్టము, దానిపై ఒక యేడు. ఎల్.టి. పోయి బి.టి. వచ్చెను, బి.టి. పోయి బి.ఇడి. వచ్చెను, ఏడాది మాత్రము కదలలేదు.

భాష సంగతి వేరొక కథ. తుంగభద్రకు ఈ దరిని హైస్కూలు సైన్సు చాలకాలము ఇంగ్లీషులో నడచెను. ఆవలి దరి నిజాము రాజ్యము; అచ్చట 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము సైన్సును ఉర్దూలో చెప్పెను. నడుమ నదిలో నీరు ఒక్కటే, దాని సాంద్రతయు ఒక్కటే. దరుల రెండింటను ఇండ్లలో మాట తెలుగే. పిల్లలకు దాని సాంద్రతను మాత్రము ఆ తెలుగులో ఎవరును చెప్పలేదు! 1968లో తెలుగు అకాడమి స్థాపింపబడి, కళాశాలలకును ఉపాధ్యాయ శిక్షణకును తెలుగు పాఠ్యగ్రంథములు వెలువరించిన తరువాత ఈ కొరత చాలవరకు తీరినది. కాని పారిభాషిక పదము దొరికినంత మాత్రమున పాఠము తెలుగైపోదు. బలము, శక్తి, సామర్థ్యము అను మూడింటిని భౌతికశాస్త్రము మూడు వేర్వేరు రాశులకు కేటాయించినది. ఊరిలో ఇవి మూడును ఒకటే. 'ఎద్దుకు బలము లేదు' అన్న రైతు కుమారునికి ఈ భేదము తెలుపుటకు ప్రత్యేకమైన నేర్పు కావలెను. ఎద్దు లాగిన బండి కదలనప్పుడు బలమున్నది, పని లేదు. రెండెద్దులు ఒకే బరువును ఒకే దూరము లాగినను ముందుగ చేరినదాని సామర్థ్యము ఎక్కువ. ఇట్టి నాలుగు ఉదాహరణలు చేతిలో నుండిన ఉపాధ్యాయుడు తరగతిని గెలుచును. ఇప్పుడు ఆంధ్రప్రదేశమున పాఠ్యపుస్తకములు ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఇంగ్లీషుగ వచ్చుచున్నవి. కనుక శిక్షణలో రెండు భాషల నేర్పును అవసరమైనది.

1986 జాతీయ విద్యావిధానము తరువాత జిల్లాకొక విద్యాశిక్షణ సంస్థ వచ్చెను. కర్నూలు జిల్లాకు అది బి.తాండ్రపాడున నున్నది. అది ప్రాథమిక ఉపాధ్యాయులకు. హైస్కూలు సైన్సు బోధింపదలచినవానికి బి.ఇడి.యే దారి, దానికి కర్నూలులోనే ప్రభుత్వ కళాశాల యున్నది. మద్రాసు బండి ఎక్కవలసిన అవసరము తీరిపోయినది. 1990ల తరువాత రాష్ట్రమంతట ప్రైవేటు బి.ఇడి. కళాశాలలు పుట్టగొడుగులవలె లేచినవి. వీనిని అదుపులో నుంచుటకు 1993 చట్టముతో జాతీయ ఉపాధ్యాయ విద్యామండలికి అధికారము లభించెను. దూరము పోయినది, నిజమే; కొన్నిచోట్ల హాజరును పోయినది! పేరు చెప్పనక్కరలేని ఒక కళాశాలలో బి.ఇడి. ముగించి మా ఊరికి వచ్చిన యువకుడొకడు బ్యూరెట్టును ఏ చేత పట్టుకొనవలెనో నన్నడిగెను. వానిని చూచి నవ్వుటకు నాకు మనసు రాలేదు. డిగ్రీలో వానికి దానిని చేతికీయని అధ్యాపకుడును ఎవరో ఉండియుండవలెను గదా.

అసలు ప్రయోగశాలకు కొదువ ఈ ప్రాంతమున లేదు. వేసవిలో నల్లరేగడి బీటలువారుట చూడని పిల్లవాడు ఇచ్చట లేడు. నీరు తగిలిన ఉబ్బి, ఆరిన ముడుచుకొను బంకమన్ను కణములను గూర్చి చెప్పుటకు అంతకంటె మంచి నమూనా ఏ కంపెనీ అమ్మును? తుంగభద్ర వరదనీటిలో పటిక త్రిప్పి తేరుకొనుట ఇండ్లలో ఎరిగినదే. ఎమ్మిగనూరున 1938లో మాచాని సోమప్ప స్థాపించిన చేనేత సహకార సంఘము పేరు దేశమంతట తెలిసినది. మగ్గము ముందు నిలువబెట్టినచో మీటను, కప్పీని వేరుగ వర్ణింపనక్కరలేదు. ఆదోని ప్రత్తి మిల్లుల సంగతి చెప్పనేల?

కాని ఈ పడమటి మండలములలో శిక్షణ పుస్తకములు ఊహింపని కష్టమొకటి యున్నది. వాన తప్పిన యేడు కుటుంబములు సుగ్గికి పోవును. గుంటూరు వైపు మిరపకోతకు, ప్రత్తితీతకు పెద్దలతో పిల్లలును వెళ్లుదురు. రెండు మూడు నెలల తరువాత తిరిగివచ్చిన పిల్లవానికి ఆమ్లములు, క్షారములు దాటిపోయి యుండును; విద్యుత్తు సగములో నుండును. హాజరుపట్టీలో పేరున్నది, పాఠములో చోటు లేదు. నలువది ఐదు నిమిషములకు ఒక పథకము వ్రాయుట మన శిక్షణ నేర్పుచున్నది. తొంబది దినములు లేని పిల్లవానికి పథకము ఎట్లు వ్రాయవలెనో ఎచ్చటను నేర్పుట లేదు. జీతమునకు సైన్సు చెప్పువాడు వాడు రానట్లే ముందుకు పోవచ్చును. మనసున్నవాడు వానిని పిలిచి, మిరపతోటలో చల్లిన మందు ఏమి, గాలి ఎటు వీచినప్పుడు కండ్లు మండినవి అని అడిగి, అచ్చటనుండియే పాఠము అందుకొనవచ్చును. ఇది ఏ హెర్బార్టు మెట్టుక్రిందికి వచ్చునో నాకు తెలియదు.

బి.ఇడి. 2015 నుండి రెండేండ్లయినది. దానిలో మొత్తము ఇరువది వారములు పాఠశాలలో గడుపవలెను. అందు పదునారు వారములు రెండవ యేట ఒక వరుసగ. 2020 జాతీయ విద్యావిధానము 2030 నాటికి నాలుగేండ్ల సమగ్ర శిక్షణయే కనీసయోగ్యత కావలెనన్నది. 1963లో మైసూరున నాటిన విత్తనమే ఇది. 2025లో ఆంధ్రప్రదేశమున 16,347 ఉపాధ్యాయ ఉద్యోగములకు ఎంపిక జరిగెను. వారిలో భౌతిక, జీవశాస్త్రముల స్కూల్ అసిస్టెంట్లును కలరు, వారిలో స్త్రీలును అనేకులు. అట్టివారి తరువాత శిక్షణకు వచ్చువారు పాఠశాలలో ఒక పీరియడు కాదు, పదునారు వారములుందురు. సోమవారమునాడు ఇనుప రజను సీసాను బోర్లించి, ఐదు గీతలు గీచి, కిటికీ గూటిలో పెట్టి, మరుసటి సోమవారమునాడు పిల్లలచేత గీతలు లెక్కపెట్టించుటకు ఇప్పుడు వ్యవధి కలదు.